నాట్లకూ కోతలకూ నడుమ

కొబ్బరి మట్టలు అన్నీ ఒక్కసారే వెయ్యకురా, భగ్గున మండి ఊరుకుంటాయి. ఒక్కోటే వెయ్యి. ఆఁ, ఏమడిగావమ్మాయ్? ఇంత సేద్యం ఉన్న ఇంట్లో ఇన్ని పుస్తకాలు చదవడానికి నీకు తీరికెక్కడిది నాయనమ్మా అనా? తీరిక మాకు ఏడాదికి ఒక్కసారే వచ్చేది. దాన్ని కూడా ఆ వరి చేనే ఇచ్చేది.

శ్రావణంలో నాట్లు. అప్పుడు అన్నం తినడానికే సందుండదు. భాద్రపదంలో కలుపు. ఆశ్వయుజం వచ్చేసరికి చేను పొట్టకొస్తుంది, కార్తీకంలో కంకి పాలు పోసుకుంటుంది. మళ్ళీ మార్గశిరంలో కొడవలి పట్టిందాకా చేలో ఆడవాళ్ళకు పెద్ద పనుండదు. నీళ్ళు పెట్టడం, గట్లు చూసుకోవడం మగాళ్ళ పని. పిల్లలకు దసరా సెలవలు. ఇదుగో, ఆ రెండు నెలలే మా చదువుల కాలం. ఎండా ఉండదు, ఉక్కా ఉండదు. వాన వెనకబడ్డాక అరుగు మీద కూర్చుంటే పొద్దు తెలిసేది కాదు.

మద్రాసులోనో బెజవాడలోనో కూర్చున్న పత్రికల వాళ్ళకు మా చేల సంగతి తెలుసో తెలియదో గానీ, దీపావళి ప్రత్యేక సంచికలు సరిగ్గా అప్పుడే దిగేవి. వాళ్ళ లెక్క వేరులే. పండగ ముందు బట్టల కొట్ల వాళ్ళు, సబ్బుల వాళ్ళు, తలనూనెల వాళ్ళు అందరూ ప్రకటనలిచ్చేవాళ్ళు. ప్రకటనలు పెరిగితే పేజీలు పెంచుకోవచ్చు, పేజీలు పెరిగితే కథలు పడతాయి. అట్టా వాళ్ళ బేరమూ మా తీరికా ఒకే నెలలో కలిశాయి. వారపత్రిక వెల పైసల్లో ఉంటే దీపావళి సంచిక రూపాయల్లో ఉండేది. రూపాయంటే అప్పుడు మాటలు కాదు.

ఇది మన ఒక్కళ్ళ ముచ్చటే అనుకోకండి. మరాఠీ వాళ్ళకు దీపావళి అంకాలు ఇంకా పాతవి. ‘మనోరంజన్’ అనే పత్రిక 1909లోనే వేసిందట. బెంగాలీలకు దుర్గాపూజకు వేసే సంచికలుంటాయి. మీ చిన్నతాత ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగం చేశాడు కదా. అక్కడ మన తెలుగు వాళ్ళు వీధులకు వీధులే ఉండేవాళ్ళు. ఆయన ఒకసారి సెలవకొస్తూ ‘దేశ్’ పూజా సంచిక తెచ్చాడు. ఒక్కళ్ళకీ ఒక్క ముక్క రాదు. బొమ్మలు చూసి ఎవరికి తోచిన కథ వాళ్ళం చెప్పుకున్నాం. సత్యజిత్ రాయ్ సినిమాలే కాదు, ఫెలూదా అనే డిటెక్టివు కథలు కూడా రాసేవాడు, అవి చాలావరకు ఆ పూజా సంచికల్లోనే వచ్చేవని తర్వాతెప్పుడో తెలిసింది. అంత పెద్దాయన పండగ సంచికకు కథ రాసిచ్చాడంటే దాని మర్యాద ఏపాటిదో చూసుకోండి.

మా నాన్న తరానికి దీపావళి కాదు, ఉగాది సంచిక. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు, అమృతాంజనం ఆయనే, 1908లో బొంబాయిలో ‘ఆంధ్రపత్రిక’ను వారపత్రికగా మొదలుపెట్టారు. 1914లో మద్రాసు నుంచి దినపత్రిక చేశారు. ఉగాదికి ఆయన వేసే సంచిక బరువుకు చెయ్యి నొప్పెట్టేదట. 1924లో మళ్ళీ ‘భారతి’ పెట్టారు. మా నాన్న ఉగాది సంచికల్ని చెక్కపెట్టెలో కర్పూరం ఉండలేసి దాచుకునేవాడు. పిల్లల్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. ముట్టుకోనివ్వని పుస్తకం ఇంట్లో ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే అని మా అమ్మ అనేది. ఆమె మాటే నాకు నచ్చుతుంది ఇప్పటికీ.

పుట్టింటి మాటొచ్చింది గనక ఇంకోటి చెబుతా. మాది కాలవ ఒడ్డు ఊరు. 1935 అక్టోబరులో పాతూరి నాగభూషణంగారని గ్రంథాలయోద్యమంలో పెద్దమనిషి, కొల్లూరుకూ పెదవడ్లపూడికీ మధ్య కాలవ మీద పడవ గ్రంథాలయం నడిపించారు. పడవ నిండా పుస్తకాలే. ఒడ్డున ఊళ్ళవాళ్ళు చదివినవిచ్చి కొత్తవి తీసుకోవాలి. మా నాన్న అప్పటికి కుర్రాడు. పడవ వస్తోందంటే రేవుకు పరిగెత్తేవాణ్ణని చెప్పేవాడు. రేవులో బట్టలుతికే వాళ్ళు చేతులు తుడుచుకుని పుస్తకం అందుకునేవాళ్ళట. ఈ ముచ్చట ఆయన ఎన్నిసార్లు చెప్పినా పడవలో ఏ పుస్తకం తీసుకున్నాడో మాత్రం చెప్పలేదు. ఆయనకు పడవే గుర్తుండిపోయింది.

ఏయ్, ఇటు జరుగు, పొగ నీ మొహానికే కొడుతోంది. పొగ అందగాళ్ళ వైపే పోతుందంటారులే.

అత్తారింటికొచ్చేనాటికి నాకు పద్దెనిమిదేళ్ళు. ఈ ఊళ్ళో పుస్తకాలు చదివే ఆడవాళ్ళు నలుగురైదుగురు తేలారు. మా తోడికోడలు, పక్కింటి వదిన, బడిపంతులుగారి భార్య, నేను. అందరం అన్నీ కొనలేం. అందుకని ఒప్పందం చేసుకున్నాం. ఒకళ్ళు ‘యువ’ కొనాలి, ఒకళ్ళు ‘జ్యోతి’, ఒకళ్ళు ‘ఆంధ్రప్రభ’, ఇంకొకళ్ళు ‘ఆంధ్రపత్రిక’. కొన్నవాళ్ళే ముందు చదవాలి, ఆ తర్వాత వరస. మీ తాతయ్య సైకిలు మీద తెనాలి వెళ్ళినప్పుడల్లా చీటీ రాసిచ్చేవాళ్ళం. ఎరువుల కొట్టు పని పూర్తి చేసుకొచ్చేవాడు గానీ సంచిక మర్చిపోయానంటే ఆ పూట మజ్జిగే.

‘యువ’ అంటే చక్రపాణిగారి పత్రిక. ఆయనది తెనాలే. శరత్ నవలల్ని బెంగాలీ నుంచి తెలుగు చేసిందాయనే. అందుకే మా అత్తగారి లాంటి వాళ్ళు శరత్‌బాబుది మన జిల్లాయే అనుకునేవాళ్ళు. సినిమాలు తీశాడు, నాగిరెడ్డిగారితో కలిసి 1947 జులైలో ‘చందమామ’ పెట్టాడు. ఆ చందమామను ఏళ్ళ తరబడి నడిపిన కొడవటిగంటి కుటుంబరావుగారిదీ తెనాలే. ‘యువ’ దీపావళి సంచికకు వడ్డాది పాపయ్యగారి బొమ్మలుండేవి. వపా అని సంతకం. ఆ రంగులు, ఆ ఆడపిల్లల జడలు, ఆ నగలు! ఎవరి వంతులోనో బొమ్మ పేజీ మాయమయ్యేది. అడిగితే ఎవరికీ తెలీదు. ఆర్నెల్ల తర్వాత పేరంటానికి వెళితే గోడ మీద గాజు ఫ్రేములో కనపడేది. అడగడానికి మొహమాటం, చూసి ఊరుకోవడానికి కడుపుమంట. ‘జ్యోతి’ దగ్గర ఆ గొడవ లేదు, అక్కడ బాపు బొమ్మలు, కార్టూన్లు. నవ్వుకుని పక్కింటికి పంపేవాళ్ళం.

కార్తీకం పున్నమికి మూడువందల అరవయ్యైదు వత్తుల కట్ట వెలిగిస్తాం కదా. ఆ వత్తులు చేసే పని మధ్యాహ్నాలు పెట్టుకునేవాళ్ళం. పత్తి గింజ తీసి, ఏకి, పాలచేత్తో నలిపి వత్తి చెయ్యాలి. చేతులకు పని, చెవులు ఖాళీ. అందుకని ఒకళ్ళు చదివేవాళ్ళు, మిగతావాళ్ళు వత్తులు చేసేవాళ్ళు. మా అత్తగారికి అక్షరం రాదు. కానీ ఆమె విన్నన్ని నవలలు నేను చదవలేదు. పైగా కథలో ఎవడు ఏ తప్పు చేసినా మర్నాడు పాలు పిండుతూ కూడా తిట్టేది.

ఆ సంచికల్లో అసలు గమ్మత్తు ఏందంటే, మనం దేనికోసం కొన్నామో అది ఒకటి, మనకు దొరికేది ఇంకోటి. మేము కొనేది నవల కోసమే. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ని ‘జ్యోతి’లో నెలనెలా వేసిన రోజులవి. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ సినిమా అయి ‘డాక్టర్ చక్రవర్తి’గా 1964లో వచ్చింది. మగాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు, కార్లూ మేడలూ తప్ప ఏముంటుంది అందులో అని. ఉండేవి, కాదనను. హీరోకి ఆస్తీ కోపమూ రెండూ ఎక్కువే. కానీ ఆ నవలలు లేకపోతే ఈ ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళు బళ్ళో నేర్చుకున్న అక్షరాల్ని పెళ్ళిపీటల మీదే మర్చిపోయేవాళ్ళు. ఎగతాళి చేసిన మగాళ్ళు ఆ నవలల్నే గడ్డివాము చాటున చదవడం నేను చూశాను. పేర్లొద్దులే, మనవలున్నారు.

అట్టా నవల కోసం పేజీలు తిప్పుతుంటే నడుమ ఇంకెవరిదో కథ అడ్డం పడేది. పేరు వినుండం. పోనీ చదువుదాం అని మొదలుపెట్టేవాళ్ళం. కాళీపట్నం రామారావుగారి ‘యజ్ఞం’ నేను ‘యువ’లో అట్టాగే చదివాను. ఆయన శ్రీకాకుళం వైపు మనిషి, బడిపంతులు. అంత పెద్ద కథ. సుందరపాలెం అనే ఊరు. అప్పల్రాముడు అనే కూలిమనిషి షావుకారుకు అప్పున్నాడా లేదా, తీర్చాలా వద్దా అని ఊరి పెద్దలు తగువు తీరుస్తుంటారు. ఎవరూ దౌర్జన్యం చెయ్యరు. అంతా ధర్మంగానే మాట్లాడతారు. ఆ ధర్మమే చివరికి వాడి మెడకు చుట్టుకుంటుంది. అప్పు కట్టాలంటే కొడుకులూ మనవలూ పాలేళ్ళు కావాల్సిందే. అప్పుడు వాడి కొడుకు సీతారాముడు, నా బిడ్డ ఇంకొకడికి బానిస కావడానికి వీల్లేదని, సొంత బిడ్డనే నరికేస్తాడు.

చదివేది నేనే. గొంతు పట్టేసింది. వత్తులు చేసే చేతులు ఆగిపోయాయి. ముందు మా తోడికోడలు లేచి, పండగపూట ఇదేం కథ, చదవడానికి ఇంకేం దొరకలేదా అని నా మీద పడింది. పంతులుగారి భార్య, తండ్రన్నవాడు అట్టా చెయ్యడు, రాసినాయన అబద్ధం రాశాడు అంది. మా పాలేరు భార్య వసారా చివర చేటలో పప్పు చెరుగుతోంది. ఆమె మాతో కూర్చునేది కాదు, కానీ అంతా వింటోందని అప్పుడే మాకు తెలిసింది. ఆమె తలెత్తకుండా, అప్పు సంగతి మీకు తెలవదులేమ్మా అంది. అంతే. ఇంకెవరూ మాట్లాడలేదు. మా ఇంట్లో ఆమె మొగుడికి పద్దుంది మరి. మా మావగారి పుస్తకంలో.

ఆ కథ మీద ఊళ్ళో మేమే కాదు, పెద్ద పెద్ద రచయితలు ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు, ఆ ముగింపు సబబా కాదా అని. ఆ కథ ఉన్న ‘యజ్ఞంతో తొమ్మిది’కి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. మాకు మాత్రం అది వపా బొమ్మలకూ ప్రేమ నవలకూ మధ్య దొరికింది. విడిగా పుస్తకం వేసి అమ్మితే ఆ రోజున మాలో ఒక్కరం కొనేవాళ్ళం కాదు. నేను చెప్పేది అదేరా. ఇప్పుడు మీరు మీకు కావాల్సిందేదో దాన్నే వెతుక్కుని తెచ్చుకుంటారు. బాగానే ఉంది. అడగనిది ఎదురుపడాలంటే మాత్రం నలుగురి రాతలు ఒక కట్టలో ఉండాలి.

‘భారతి’ మాత్రం మా ఒప్పందంలో లేదు. అది పంతులుగారింటికొక్కదానికే వచ్చేది, అందులో సగం నాకు తలకెక్కేది కాదు. శాసనాలు, ఛందస్సు, చర్చలు. కానీ రావిశాస్త్రి ‘అల్పజీవి’ మొదట ‘భారతి’లోనే వచ్చిందని పంతులుగారు చెప్పి పాత సంచికలు తీసిచ్చారు. ఏ బుట్టలో ఏముంటుందో చెప్పలేం.

పండగ సంచికలు పూర్తయ్యేసరికి నవంబరు పడేది. అప్పుడు గ్రంథాలయ వారోత్సవాలు. నవంబరు 14 నుంచి 20 దాకా. నెహ్రూ పుట్టినరోజని పెట్టారనుకుంటారు అందరూ. అసలు సంగతి వేరు. 1919లో మద్రాసులో అఖిల భారత స్థాయిలో మొదటి పౌర గ్రంథాలయ సభ జరిగింది సరిగ్గా నవంబరు 14నే. జరిపించింది మన అయ్యంకి వెంకటరమణయ్యగారు. దేశం మొత్తానికి గ్రంథాలయాల గురించి చెప్పింది బెజవాడ మనిషన్నమాట. మా శాఖా గ్రంథాలయంలో ఆ వారం పుస్తకాలన్నీ బెంచీల మీద పరిచేవాళ్ళు. మామూలు రోజుల్లో ఫలానా పుస్తకం కావాలని అడగాలి. ఆ వారం అడగక్కర్లేదు, చేత్తో తిరగెయ్యొచ్చు. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయం పన్ను మా దగ్గర కూడా వసూలు చేస్తున్నారు కాబట్టి అది మా హక్కేనని పంతులుగారి భార్య వాదన. ఆడవాళ్ళం గుంపుగా వెళ్ళి నిలబడితే లైబ్రేరియనుగారు బెంచీ దులిపి కూర్చోమనేవారు. గోర్కీ ‘అమ్మ’ అక్కడే తీసుకున్నా, క్రొవ్విడి లింగరాజుగారు తెలుగు చేసింది. అదేదో మన అమ్మల కథనుకుని మా అత్తగారికి చదివి వినిపించా. పావెల్ తల్లి కరపత్రాలు పంచడానికి బయల్దేరిన చోట ఆమె, ఈ ముసల్దానికి పోలీసుల భయం లేదా అని మెచ్చుకుంది.

విశాలాంధ్ర వాళ్ళు రష్యా పుస్తకాలు వ్యానులో తెచ్చేవాళ్ళు. నున్నటి కాగితం, గట్టి అట్ట, పప్పు బెల్లాల ధర. వాటిని తెలుగు చేసేందుకు ఉప్పల లక్ష్మణరావుగారి లాంటి వాళ్ళు మాస్కోలోనే ఉండి పని చేశారు. మీ నాన్న చిన్నప్పుడు వాటి పేజీలు చింపి పడవలు చేశాడు, మంచి కాగితం కాబట్టి మునిగేవి కావు.

డబ్బులు లేని నెలలో తెనాలిలో అద్దె పుస్తకాల కొట్టే దిక్కు. కొంచెం డిపాజిట్టు కట్టి, రోజుకు ఇన్ని పైసలని తెచ్చుకోవాలి. ఎమెస్కో పాకెట్ పుస్తకాలు, కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివు యుగంధర్. అద్దె పుస్తకానికి చివరి పేజీ ఉందో లేదో చూసుకోకుండా తీసుకుంటే అయినట్టే. హంతకుడెవరో చెప్పే పేజీ ఎవడో పుణ్యాత్ముడు చింపుకుపోయి ఉండేవాడు. కొట్టతన్ని అడిగితే నోటితో చెప్పేవాడు, అది వేరే మర్యాద.

వారపత్రికల్లో సీరియళ్ళు పేజీలు విడదీసి, వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టి బైండు చేయించేవాళ్ళం. మైదా జిగురులో మైలుతుత్తం కలపాలి, లేకపోతే పురుగు పట్టేస్తుంది. మీ గదిలో పై అరలో ఉన్నవన్నీ అవే. ప్రకటనలు తీసెయ్యకుండా కుట్టించాను నేను. కథ కంటే ఒక్కోసారి ఆ ప్రకటనలే బాగుంటాయి ఇప్పుడు చదివితే. ఇంకా చాలా ఉండేవి. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ఊడ్చేసిన రాత్రి, ఇక్కడ గాలికి మా పెంకులన్నీ లేచిపోయాయి. అటు మనుషులే వేలల్లో పోయిన రోజున పుస్తకాల గురించి ఏడవడం ఏందని ఎవరికీ చెప్పుకోలేదు. వారం తర్వాత ఎండ కాస్తే దండెం మీద పేజీలు ఆరేశాం. వపా రంగులు ఒకదాన్లోకొకటి దిగిపోయాయి.

ఆ తర్వాత ఆంధ్రభూమిలో యండమూరి ‘తులసిదళం’ వచ్చింది. చేతబడి నవల. రాత్రిళ్ళు చదివి భయపడేవాళ్ళు, మళ్ళీ గురువారం ఎప్పుడొస్తుందా అని చూసేవాళ్ళు. అదొక వేడుక. ఆపైన టీవీ వచ్చింది. వత్తులు చేసేటప్పుడు చదివేవాళ్ళు అక్కర్లేకపోయింది. 1991లో ‘ఆంధ్రపత్రిక’ ఆగిపోయింది, ‘భారతి’ ఆగిపోయింది. ‘యువ’, ‘జ్యోతి’ కూడా ఒక్కోటే పోయాయి. ఎప్పుడు పోయాయో గమనించని వాళ్ళలో నేనూ ఉన్నాను. పాత పేపర్లతను వచ్చి దీపావళి సంచికల్ని తక్కెట్లో వేసి తూచుకుపోయిన ఇళ్ళు ఈ వీధిలోనే ఉన్నాయి.

అవి ఎక్కడా లేవనుకోకండి. ‘యజ్ఞం’ రాసిన ఆ రామారావుగారే 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట ఉండాలని పాత పత్రికలు ఊరూరా అడిగి పోగుచేశారు. వేటపాలెం సారస్వత నికేతనం మనకు దగ్గరే, చీరాల పక్కన. 1918 నాటిది, గాంధీగారు వచ్చి పునాది రాయి వేశారు. నూరేళ్ళ నాటి పత్రికలు అక్కడ బైండు చేసి పెట్టారు. కొత్త కథలు కావాలంటే, 1990 నుంచి ఏటా ఆ ఏటి మంచి కథలు ఏరి కథాసాహితి వాళ్ళు పుస్తకం వేస్తున్నారు. జనవరిలో బెజవాడ పుస్తకాల పండగకు వెళ్ళినప్పుడు నాకు అదొక్కటి తెచ్చిపెట్టండి. అందులో నాకు పేరు తెలియని వాళ్ళ కథలు ముందు చదువుతా.

మట్ట ఇంకోటి వెయ్యి. ఇంకేందీ, ఆ గాజు ఫ్రేము ఎవరింట్లో చూశాననా? పక్కింటి వదినే, ఇంకెవరు. మొన్న కార్తీక సోమవారం గుళ్ళో కనపడితే మళ్ళీ అడిగాను. అది క్యాలెండరు బొమ్మ వదినా అంది. కింద వపా అని సంతకముంటే క్యాలెండరెట్టా అవుతుందే అన్నాను. కళ్ళజోడు మార్పించుకో అంది. రేపు మీలో ఒకడు వాళ్ళింటికి పాలు పోయడానికి వెళ్ళి, కుడిచేతి మూల చూసి రండి.